వెట్టి మీద మూడో సంతకం

వెట్టిచాకిరికి వ్యతిరేకంగా అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్‌ఓ, తెచ్చిన పత్రాలు ప్రధానంగా మూడు. ఒకటి 1930 నాటి 29వ ఒడంబడిక, రెండోది 1957 నాటి 105వ ఒడంబడిక, మూడోది 29వ ఒడంబడికకు 2014లో జతచేసిన ప్రోటోకాల్. భారతదేశం మొదటిదాన్ని 1954 నవంబరులో, రెండోదాన్ని 2000 మే నెలలో ఆమోదించింది. మూడోదాని జోలికి పోలేదు. శ్రీలంక 2019లో దాన్ని ఆమోదించింది, బంగ్లాదేశ్ 2022లో ఆమోదించింది. మన వలస కూలీలు లక్షల్లో పనిచేసే సౌదీ అరేబియా 2021లోనే ఆమోదించింది.

ఇది జెనీవాలో దౌత్యవేత్తలు చూసుకునే వ్యవహారం, మన ఊళ్లకు దీంతో పనేమిటని అనిపించవచ్చు. పని చాలా ఉంది. అడ్వాన్సు తీరేదాకా బట్టీ దాటి పోనివ్వని ఒడిశా కుటుంబం మన పెద్దపల్లిలో ఉంది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయిన కడప జిల్లా ఆడమనిషి కువైట్‌లో ఉంది. వాళ్లు బయటపడే దారి, బయటపడ్డాక చేతికి అందేది, రెండూ ఈ సంతకాలతోనూ వాటి వెనక రాసుకున్న చట్టాలతోనూ ముడిపడి ఉన్నాయి. నిషేధించడంలో మన దేశం ఎవరికీ తీసిపోలేదు. విడిపించిన మనిషికి ఆ తర్వాత ఏం దక్కాలన్న దగ్గరే దశాబ్దాలుగా తడబడుతోంది. ఆమోదించని మూడో పత్రం సరిగ్గా ఆ సంగతి గురించే మాట్లాడుతుంది.

1930 నాటి ఒడంబడిక పుట్టింది వలస పాలనల నేపథ్యంలో. ఫ్రెంచి వాళ్లు కాంగో-ఓషన్ రైలుమార్గం కోసం ఊళ్లకు ఊళ్లనే తోలుకుపోయి పని చేయించారు, వేలమంది అక్కడే చనిపోయారు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. 1920లలో విశాఖ మన్యంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అడవి దారులు వేయడానికి గిరిజనులను నామమాత్రపు కూలికి తోలాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడటానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. సర్కారే స్వయంగా చేయించే ఇలాంటి వెట్టి మీదే ఐఎల్‌ఓ మొదట దృష్టి పెట్టింది.

శిక్ష భయం చూపి, మనిషి ఇష్టంతో ముందుకు రాకపోయినా రాబట్టుకునే ప్రతి పనీ నిర్బంధ శ్రమేనని 29వ ఒడంబడిక నిర్వచించింది. సైనిక సేవ, కోర్టు శిక్ష వల్ల జైల్లో చేసే పని, వరదలూ యుద్ధాల్లాంటి ఆపద సమయాల్లో చేసేది, సాధారణ పౌర విధులు, ఊరి సొంత అవసరాలకు చేసుకునే చిన్న పనులు మాత్రం దీని కిందికి రావంది. నిర్వచనం గొప్పదే. అయితే అదే పత్రంలో వలస ప్రభువులకు పెద్ద వెసులుబాటు కూడా ఉంది. పద్ధెనిమిది నుంచి నలభై అయిదేళ్ల మగవాళ్ల చేత ఏడాదికి అరవై రోజుల దాకా ప్రజోపయోగ పనులు బలవంతంగా చేయించుకోవచ్చని, నెమ్మదిగా మానుకోవాలని రాసి పెట్టారు. ఆ వెసులుబాటు అధికరణాలను తుడిచేయడానికి 2014 ప్రోటోకాల్ దాకా ఆగాల్సి వచ్చింది.

బ్రిటన్ 1931లోనే ఆమోదించింది. ఫ్రాన్స్ 1937లో, పోర్చుగల్ 1956లో ఆమోదించాయి. ఐఎల్‌ఓలో 1919 నుంచీ సభ్యురాలిగా ఉన్న భారతదేశం పరాయి పాలన పోయేదాకా సంతకం పెట్టలేదు. పైగా బ్రిటిష్ ఇండియా చట్టసభ చేసిన చట్టం హైదరాబాద్ సంస్థానంలో చెల్లదు. జెనీవాలో ఈ ఒడంబడిక వచ్చిన 1930లోనే మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో మహాసభ ఎజెండాలో వెట్టి పెద్ద సమస్యగా నిలబడింది. గడీకి కట్టెలూ నీళ్లూ మోయడం, వచ్చిన అధికారికి కోళ్లూ గొర్రెలూ పుక్కానికి ఇవ్వడం, దొర పొలంలో ముందు దున్ని తర్వాత తన చేను చూసుకోవడం, ఇవన్నీ కులాల వారీగా పంచిన వెట్టి. దాన్ని కూలదోసింది జెనీవా కాగితం కాదు, తెలంగాణ పల్లెల్లో 1940లలో లేచిన జనం. ఈ చరిత్ర తెలిసినవాళ్లు అంతర్జాతీయ పత్రాలను చూసి పెదవి విరవడం సహజం. అయినా ఆ పత్రాలు చేసిన మేలును తక్కువ చేయడం సరికాదు.

రెండో ఒడంబడిక చరిత్రలో మనకు అంతగా గుర్తులేని ఒక దక్షిణాది మనిషి ఉన్నాడు. 1951లో ఐక్యరాజ్యసమితి, ఐఎల్‌ఓ కలిసి నిర్బంధ శ్రమ మీద వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడు ఆర్కాటు రామస్వామి మొదలియార్. సోవియట్ శ్రమ శిబిరాలు మొదలుకొని రకరకాల దేశాల్లో రాజకీయ అసమ్మతికి శిక్షగా చేయించే పనిని ఆ సంఘం బయటపెట్టింది. 1953 నాటి ఆ నివేదిక మీదే 105వ ఒడంబడిక లేచింది. రాజకీయ అభిప్రాయాలకు శిక్షగా గానీ, ఆర్థికాభివృద్ధి పేరుతో గానీ, పనిలో క్రమశిక్షణ కోసం గానీ, సమ్మె చేసినందుకు గానీ, జాతి వివక్షతో గానీ ఎవరి చేతా బలవంతంగా పని చేయించకూడదంటుంది. విచారణకు నాయకత్వం వహించింది మన దేశస్థుడే, ఒడంబడికను ఆమోదించడానికి మాత్రం మన దేశానికి 43 ఏళ్లు పట్టింది. అత్యవసర సేవల చట్టాల కింద సమ్మె చేసినవాళ్లను జైలుకు పంపే నిబంధనలు దీనికి అడ్డమన్నది పాత చర్చ. ఆమోదించాక కూడా ఐఎల్‌ఓ నిపుణుల సంఘం ఆ నిబంధనల గురించి మన ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉంది.

ఇంతకీ ఆమోదిస్తే ఏమవుతుంది? మన రాజ్యాంగం ప్రకారం ఒప్పందాన్ని ఆమోదించేది కేంద్ర ప్రభుత్వమే, దానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. ఆమోదించినంత మాత్రాన అది దేశీయ చట్టం కూడా కాదు, 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేస్తేనే అమలవుతుంది. మరి ప్రయోజనం ఎక్కడుంది అంటే, ఆమోదించిన దేశం మూడేళ్లకోసారి ఐఎల్‌ఓకు నివేదిక ఇవ్వాలి. నిపుణుల సంఘం దాన్ని చదివి ప్రశ్నలు వేస్తుంది, ఆ ప్రశ్నలు అచ్చులో బయటికి వస్తాయి. కార్మిక సంఘాలు తమ వాదన పంపవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. సభ్యదేశం మీద మరో సభ్యదేశమో, వార్షిక మహాసభ ప్రతినిధులో కేసు పెడితే విచారణ కమిషన్ కూడా రావచ్చు.

ఈ దారి చివరిదాకా వెళ్లిన ఉదాహరణ మయన్మార్. ఆ దేశం 1955లోనే 29వ ఒడంబడికను ఆమోదించి, ఊళ్లవాళ్ల చేత సైన్యానికి బరువులు మోయించింది, రోడ్లు వేయించింది. 1996లో కార్మిక ప్రతినిధులు ఫిర్యాదు చేశారు, 1998లో కమిషన్ నివేదిక వచ్చింది. 2000లో ఐఎల్‌ఓ తన చరిత్రలోనే మొదటిసారిగా నిబంధనావళిలోని 33వ అధికరణాన్ని ప్రయోగించి, ఆ దేశంతో సంబంధాలను తిరిగి చూసుకోమని సభ్యదేశాలను కోరింది. తర్వాత ఐఎల్‌ఓ ప్రతినిధి రంగూన్‌లో మకాం పెట్టాడు, ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు వచ్చింది, వెట్టి కొంత తగ్గింది. 2021లో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. 2025లో అదే అధికరణాన్ని మళ్లీ ప్రయోగించాల్సి వచ్చింది. సైనిక పాలకులు తెగించినప్పుడు ఏ కాగితమూ వాళ్లను ఆపలేదని దీన్నిబట్టి ఒప్పుకోవాలి. అయితే ఆ కాగితమే లేకపోతే బరువులు మోసిన రైతు మాట ప్రపంచం ముందు సాక్ష్యంగా నమోదయ్యేది కాదని కూడా ఒప్పుకోవాలి.

ఉజ్బెకిస్తాన్ కథ వేరు. పత్తి కాలం వస్తే టీచర్లను, నర్సులను, పిల్లలను పొలాలకు తోలే సోవియట్ నాటి అలవాటును ఆ దేశం రెండు ఒడంబడికలూ 1990లలో ఆమోదించాక కూడా మానలేదు. అంతర్జాతీయ దుస్తుల కంపెనీలు ఆ పత్తిని కొనబోమని ఒట్టు పెట్టుకున్నాయి, ఐఎల్‌ఓ పొలాల్లో పరిశీలన మొదలుపెట్టింది, 2017లో కొత్త అధ్యక్షుడు ఐక్యరాజ్యసమితిలో సమస్య ఉందని ఒప్పుకున్నాడు. 2022 మార్చిలో బహిష్కరణ ఎత్తేశారు. సంతకం, మార్కెట్ ఒత్తిడి, పొలంలోకి వచ్చి చూసే మనిషి, ఈ మూడూ కలిశాకే మార్పు వచ్చింది.

బ్రెజిల్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. 1957లో 29వ ఒడంబడికను ఆమోదించిన ఆ దేశం 1995లో తమ పశువుల క్షేత్రాల్లో, చెరకు తోటల్లో బానిసత్వం ఉందని బహిరంగంగా ఒప్పుకుంది. అదే ఏడాది సంచార తనిఖీ బృందాలు పెట్టింది. కార్మిక ఇన్‌స్పెక్టర్, ప్రాసిక్యూటర్, పోలీసు ఒకే జట్టుగా, స్థానిక పలుకుబడికి అందకుండా, చెప్పకుండా వెళ్తారు. కూలి బకాయిలు అక్కడికక్కడే కట్టిస్తారు. దొరికిన యజమానుల పేర్లతో జాబితా విడుదల చేస్తారు, ఆ జాబితాలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ బ్యాంకుల అప్పు పుట్టదు. ఈ పద్ధతిలో ఇప్పటిదాకా 60 వేల మందికి పైగా బయటపడ్డారు.

ఆమోదించనివాళ్ల సంగతి కూడా చూడాలి. 187 సభ్యదేశాల్లో 180కి పైగా 29వ ఒడంబడికను ఆమోదించాయి. అమెరికా 105వదాన్ని 1991లో ఆమోదించింది గానీ 29వదాన్ని ఇంకా ఆమోదించలేదు. అక్కడి జైళ్లలో ప్రైవేటు కంపెనీలకు చేయించే పని ఇందులో పెద్ద అడ్డంకి. చైనా రెండింటినీ 2022లో ఆమోదించింది, షిన్‌జియాంగ్ వీగర్ల నిర్బంధ శ్రమ మీద ప్రపంచమంతా నిలదీస్తున్న కాలంలో. దక్షిణ కొరియా 2021లో 29వదాన్ని ఆమోదించింది. సింగపూర్ 1979లో, మలేసియా 1990లో 105వ ఒడంబడికలోంచి బయటికే వెళ్లిపోయాయి. ఆ మలేసియాయే 2022లో కొత్త ప్రోటోకాల్‌ను ఆమోదించింది. ఎగుమతి మార్కెట్ల ఒత్తిడి ఎంత బలమైనదో ఇక్కడ కనిపిస్తుంది. నిర్బంధ శ్రమతో తయారైన సరుకును అడ్డుకునే యూరోపియన్ యూనియన్ నిబంధన 2027 డిసెంబరు నుంచి అమల్లోకి వస్తుంది. గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల నుంచి ప్యాకింగ్ షెడ్ల దాకా దాని ప్రశ్నలు చేరతాయి.

ఇప్పుడు మన ఇంటి లెక్క. రాజ్యాంగం 23వ అధికరణం 1950లోనే వెట్టిని నిషేధించింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చాయి. ఆ చట్టం తన నిర్వచనంలో జీతం, పాలేరు, భగేలా, వెట్టి అని మన పద్ధతులను పేరుపేరునా చెప్పింది. అప్పు రద్దు, తాకట్టు ఆస్తి వాపసు, యజమానికి మూడేళ్ల దాకా జైలు, అన్నీ అందులో ఉన్నాయి. అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసే బాధ్యత కూడా అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. చట్టం రాసిన చేతులు మంచివే.

సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో జస్టిస్ పి.ఎన్. భగవతి కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా నిర్బంధ శ్రమేనన్నారు. ఆకలి కూడా మనిషిని బలవంతపెడుతుందని గుర్తించిన తీర్పు అది. ఐఎల్‌ఓ నిర్వచనంలోని శిక్ష భయం కన్నా ఇది చాలా విశాలమైనది. ఫరీదాబాద్ రాతి క్వారీల కేసు తెచ్చిన బంధువా ముక్తి మోర్చాను పెట్టింది స్వామి అగ్నివేశ్. ఆయన శ్రీకాకుళంలో పుట్టిన వేపా శ్యామారావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన అధికారి ఎస్.ఆర్. శంకరన్ వెట్టి విముక్తిని కలెక్టర్ల రోజువారీ పనిగా మార్చాలని చూసి పాలకుల ఆగ్రహానికి గురయ్యారు. 1980లలో ఇబ్రహీంపట్నం తాలూకాలో గీతా రామస్వామి, వ్యవసాయ కూలీ సంఘం అదే చట్టం పట్టుకుని జీతగాళ్లను విడిపించారు. కాగితం మీది చట్టాన్ని కూలీ సంఘం చేతికి తీసుకున్నప్పుడు అదెంత పని చేస్తుందో ఆ తాలూకా చూపించింది.

అయినా మొత్తం లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. 1978లో గాంధీ పీస్ ఫౌండేషన్, జాతీయ కార్మిక సంస్థ కలిసి చేసిన సర్వే పది రాష్ట్రాల్లోనే 26 లక్షల మంది వెట్టి కూలీలున్నారంది. 2016లో కేంద్ర కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయ హయాంలో ప్రభుత్వం 2030 నాటికి కోటీ 84 లక్షల మందిని విడిపిస్తామంది. 1978 నుంచి ఇప్పటిదాకా విడుదలైనవాళ్లు సుమారు 3.15 లక్షలు. ఈ వేగంతో ఆ లక్ష్యాన్ని చేరలేమని చెప్పడానికి గణిత పండితులు అక్కర్లేదు.

ఎక్కడ తెగుతోంది? ఇటుక బట్టీ పని ఎలా సాగుతుందో చూస్తే తెలుస్తుంది. ఒడిశా బలంగీర్, నువాపడా జిల్లాల్లో నువాఖాయి పండుగ దాటాక సర్దార్ అనే దళారి వచ్చి అడ్వాన్సు పంచుతాడు. నవంబరు, డిసెంబరుకల్లా కుటుంబాలు రంగారెడ్డి, సంగారెడ్డి, పెద్దపల్లి బట్టీలకు చేరతాయి. వెయ్యి ఇటుకలకు ఇంతని రేటు, వారానికి తిండి ఖర్చు, అసలు లెక్క వానలు పడే ముందు. లెక్క కుదిరేదాకా ఎవరూ కదలడానికి లేదు. ఫిర్యాదు వెళ్తే రెవెన్యూ అధికారులు వస్తారు. చాలాసార్లు దాన్ని కూలి తగాదాగా రాసి, కూలీలను రైలెక్కించి పంపేస్తారు. విడుదల పత్రం ఇవ్వరు. ఆ ఒక్క పత్రం లేకపోతే అప్పు రద్దయినట్టు రుజువు లేదు, పునరావాస సాయమూ లేదు. మళ్లీ ఏడాది అదే సర్దార్, అదే అడ్వాన్సు.

పత్రం ఉన్నా చిక్కే. 2016లో మార్చిన కేంద్ర పథకం మగవాళ్లకు లక్ష, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో మూడు లక్షలు ఇస్తామంది. తక్షణ సాయం ఇప్పుడు 30 వేల వరకు ఉంది. కానీ పూర్తి నగదును యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. బట్టీ యజమాని కేసు తేలేదాకా బలంగీర్ తల్లి ఎదురుచూడాలన్నమాట. ఇది న్యాయం కాదు. నేరస్థుడి శిక్ష రాజ్యం పని, బాధితుడి పరిహారం బాధితుడి హక్కు. రెంటినీ ఒకే తాడుతో కట్టడం వల్ల రెండూ ఆగిపోతున్నాయి.

2014 ప్రోటోకాల్ సరిగ్గా ఈ ముడిని విప్పుతుంది. దాని నాలుగో అధికరణం ప్రకారం బాధితులు ఆ దేశంలో ఉన్నా లేకపోయినా, వాళ్ల కాగితాలు సక్రమంగా ఉన్నా లేకపోయినా, పరిహారంతో సహా పరిష్కారం అందుబాటులో ఉండాలి. బలవంతం వల్ల చేసిన తప్పులకు బాధితులనే బోనెక్కించకుండా చూడాలి. ముందు అధికరణాలు జాతీయ విధానం, కార్యాచరణ ప్రణాళిక, అన్ని రంగాల కార్మికులకూ చట్ట రక్షణ, తనిఖీ వ్యవస్థ బలోపేతం, దళారుల మోసం నుంచి వలస కూలీలకు కాపుదల కోరుతాయి. ముందు చట్టం సరిచేసి తర్వాతే ఆమోదించాలన్నది ఢిల్లీ పాత విధానం. ఆ విధానంలో నిజాయితీ ఉంది, ఒప్పుకుంటాను. కాని సరిచేసే పని మొదలే పెట్టకుండా ఏళ్లు గడిపితే అది వాయిదాగానే మిగులుతుంది.

సరిచేయాల్సినవి కళ్లముందే ఉన్నాయి. మనుషుల అక్రమ రవాణా మీద ఐక్యరాజ్యసమితి పలెర్మో ప్రోటోకాల్‌ను మనం 2011లో ఆమోదించాం. 2013 ఫిబ్రవరి ఆర్డినెన్సులో శిక్షాస్మృతి 370వ సెక్షన్ దోపిడీ నిర్వచనంలో నిర్బంధ శ్రమ అన్న మాట ఉంది. ఏప్రిల్‌లో అది చట్టమయ్యేసరికి ఆ మాట లేదు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో కూడా తిరిగి చేర్చలేదు. అలాగే కార్మిక తనిఖీ మీది 81వ ఒడంబడికను మనం 1949లోనే ఆమోదించాం. ఇన్‌స్పెక్టర్ ముందుగా చెప్పకుండా ఏ వేళనైనా పని స్థలంలోకి వెళ్లవచ్చని అది చెబుతుంది. ఆ తనిఖీని వ్యాపారానికి అడ్డంగా చూసే ధోరణి ఇరవై ఏళ్లుగా పెరిగింది, ఏ యజమానిని చూడాలో కంప్యూటర్ తీసే లాటరీ నిర్ణయిస్తోంది. ఊరికి దూరంగా, మట్టి దిబ్బల మధ్య ఉన్న బట్టీకి ఇన్‌స్పెక్టర్ వెళ్లకపోతే మరెవరూ వెళ్లరు.

గల్ఫ్ దగ్గరికి వస్తే సంతకాల సంగతి ఇంకో రూపంలో ఎదురవుతుంది. కువైట్ 105వ ఒడంబడికను 1961లోనే ఆమోదించింది. సౌదీ 1978లో రెండింటినీ ఆమోదించింది, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, ఎమిరేట్స్ అన్నీ చేరాయి. అయినా దశాబ్దాల పాటు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అనుమతి లేకుండా కొలువు మారడానికి లేదు, దేశం దాటడానికి లేదు. కంపెనీ వదిలి బయటపడినవాడు ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతాడు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వెళ్లినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. ఇంటిపని స్త్రీలనైతే చాలాకాలం కార్మిక చట్టాల పరిధిలోకే రానివ్వలేదు. ఖతార్ మీద 2014లో కార్మిక ప్రతినిధులు 29వ ఒడంబడిక కింద ఫిర్యాదు చేశారు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఒత్తిడి తోడైంది. 2017లో ఐఎల్‌ఓ దోహాలో పని మొదలుపెట్టే ఒప్పందంతో కేసు ముగిసింది, 2020లో యజమాని అనుమతి లేకుండానే కొలువు మారే హక్కు, వెయ్యి రియాల్ల కనీస వేతనం చట్టంలోకి వచ్చాయి. అమలులో లోపాలు చాలా ఉన్నాయి. కానీ ఆ ఫిర్యాదు వేయడానికి తలుపు తెరిచింది ఖతార్ 1998లో చేసిన సంతకమే.

ఈ విషయంలో మన ప్రభుత్వం చేతిలో ఉన్నది 1983 నాటి వలసల చట్టం, ఏజెంటు రుసుముకు 30 వేల రూపాయల పరిమితి, కొన్ని ద్వైపాక్షిక ఒప్పందాలు. పల్లెల్లో ఏజెంట్లు తీసుకునేది ఆ పరిమితికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ అప్పే గల్ఫ్‌లో మనిషిని కట్టిపడేస్తుంది. కంపెనీ మూతపడి జీతం బకాయి పెడితే, తిరిగొచ్చిన కూలీ కరీంనగర్ నుంచి రియాద్ కోర్టులో దావా వేయలేడు. 2014 ప్రోటోకాల్ నాలుగో అధికరణం ఆ దేశంలో లేనివాడికి కూడా పరిష్కారం అందాలంటుంది, అయిదో అధికరణం దేశాలు ఒకదానికొకటి సహకరించాలంటుంది. సౌదీ 2021లోనే దాన్ని ఆమోదించింది. శ్రీలంక, బంగ్లాదేశ్ ప్రతినిధులు తమ కూలీల బకాయిల గురించి మాట్లాడేటప్పుడు ఇరుపక్షాలూ ఒప్పుకున్న పత్రంగా దాన్ని బల్ల మీద పెట్టగలరు. భారత ప్రతినిధికి ఇప్పటికీ ఆ వీలు లేదు.